కోనేటి నీరు, ఊరి చెరువు: దాతలు తెలుసుకోదగిన కొన్ని సంగతులు

కొన్ని సంవత్సరాల క్రితం రాయలసీమలోని ఒక చిన్న గ్రామంలో స్వామివారి తెప్పోత్సవాన్ని దర్శించే భాగ్యం ఈ వ్యాసకర్తకు కలిగింది. పూలతో, దీపాలతో తెప్పను కన్నులపండువగా అలంకరించారు. కోనేటిలో మాత్రం మోకాలి లోతు నీరే ఉన్నది. ఆ నీరు కూడా రెండు రోజులుగా ట్యాంకర్లతో తెచ్చి పోసినదని తరువాత తెలిసింది. తెప్ప తేలలేదు. ఊరి యువకులు నలుగురు నీటిలోకి దిగి దానిని భుజాలతో నెట్టుతూ మూడు ప్రదక్షిణలు పూర్తిచేయించారు. ఉత్సవానికి లోటు రానీయకూడదన్న వారి తపనకు నమస్కరించవలసినదే. అయితే ఆలయంలో తరతరాలుగా మేళం వాయించే కుటుంబానికి చెందిన ఒక పెద్దాయన అక్కడే చెప్పిన మాట ఆనాటి నుండి మనసును వదలలేదు. కోనేటికి వేరుగా నీరు తేనక్కరలేదనీ, ఎగువనున్న ఊరి చెరువు నిండితే కోనేటి ఊటలు వాటంతట అవే మేలుకొంటాయనీ, ఆ చెరువు నిండి ఏండ్లు గడిచాయనీ ఆయన అన్నారు.

దాతలలో పలువురు తరచుగా ఒక సందేహాన్ని వెలిబుచ్చుతుంటారు. అన్నదానానికి, గోసంరక్షణకు, ఆలయ జీర్ణోద్ధరణకు ఇచ్చే విరాళం దైవకార్యమనడంలో అనుమానం లేదు. మరి కోనేటి పూడిక తీయించడానికో, ఊరి చెరువు కాలువ బాగుచేయించడానికో ఇచ్చే ధనం ఆ కోవలోకి వస్తుందా, లేక అది ప్రభుత్వం చూసుకోవలసిన పనా? ఈ ప్రశ్నకు మన శాసనాలు ఇచ్చే సమాధానం ఒకటి. నేటి చట్టాలు, పంచాయతీలు, రైతు సంఘాలు ఇచ్చే సమాధానం మరొకటి. రెండింటినీ కలిపి చూస్తే గాని విషయం బోధపడదు.

సప్తసంతానాల మాట మన పెద్దలకు విదితమే. పుత్రుడు, తటాకం, దేవాలయం, వనం, అగ్రహారం, నిధి, కృతి అనే ఈ ఏడూ మనిషి పోయిన తరువాత కూడా అతని పేరు నిలిపేవిగా మన పూర్వులు భావించారు. చెరువును దేవాలయంతో ఒకే వరుసలో కూర్చోబెట్టిన సంప్రదాయమిది. కాకతీయుల కాలంలో ఈ భావన కేవలం భావనగా మిగలలేదు. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో నిర్మింపజేసిన రామప్ప దేవాలయాన్ని యునెస్కో 2021లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. దర్శనానికి వెళ్లే యాత్రికులు శిల్పాలను తనివితీరా చూస్తారు. అక్కడికి కూతవేటు దూరంలోనే ఉన్న రామప్ప చెరువు కట్టమీద కూడా కొంతసేపు నిలబడమని మా మనవి. గుడిని, చెరువును, వాటి నడుమ ఊరిని కలిపి ఒకే నిర్మాణంగా తలచిన వారి దృష్టి ఆ కట్టమీద నుండి చూస్తేనే తెలుస్తుంది.

ఇక కడప జిల్లా పోరుమామిళ్ళ శాసనం సంగతి. విజయనగర చక్రవర్తి మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు అక్కడ అనంతరాజ సాగరమనే చెరువును కట్టించి 1369లో ఆ శాసనం వేయించాడు. దానధర్మాల ప్రశస్తితోపాటు, మంచి చెరువుకు ఏమేమి కావాలో పన్నెండు అంగాలుగా, ఏమేమి ఉండరాదో ఆరు దోషాలుగా అందులో చెప్పించడం విశేషం. ధర్మబుద్ధి గల ప్రభువు, జలశాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి బంకనేల, తియ్యని నీటిని తెచ్చే నది, ఆనుకొనడానికి కొండలు, వాటి నడుమ మరీ పొడవుగా కాక దృఢంగా ఉండే రాతికట్ట, లోతూ వైశాల్యమూ గల గర్భం, పొడవైన రాళ్లు దొరికే గని, దిగువన సమతలమైన సారవంతపు పొలాలు, పని తెలిసిన కూలీల సమూహం మొదలైనవి ఆ అంగాలు. దోషాలు ఇంకా ఆలోచింపజేస్తాయి. కట్టనుండి నీరు ఊరడం, చవిటినేల, చెరువు నడుమ మెరక, నీరు తక్కువై సాగునేల ఎక్కువ కావడం, నీరు ఎక్కువై నేల తక్కువ కావడం, చివరిగా రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండడం. ఈ చివరి దోషం నీటిలోనిదీ కాదు, మట్టిలోనిదీ కాదు. ఇద్దరికి చెందిన చెరువును ఎవ్వరూ పట్టించుకోరని ఏడువందల ఏండ్లనాటి శాసనకర్త ఎరుగును. నేడు రెండు పంచాయతీల నడుమనో, రెండు శాఖల నడుమనో ఉన్న చెరువులను చూసినవారికి ఈ మాట వేరుగా వివరింపనక్కరలేదు. వేయిమంది కూలీలు, రాళ్లు మోయడానికి నూరు బండ్లు, రెండు సంవత్సరాల కాలం ఆ నిర్మాణానికి పట్టినట్లు కూడా శాసనం లెక్క చెబుతుంది.

తిరుమల శాసనాలు దాతలకు మరింత చేరువైన సంగతి చెబుతాయి. పదిహేను, పదహారవ శతాబ్దాలలో భక్తులు స్వామివారి నైవేద్యాల నిమిత్తం భండారంలో ధనం సమర్పించేవారు. ఆ ధనాన్ని అలాగే ఖర్చుచేసి ఉంటే ఒకటి రెండేండ్లలో హరించిపోయేది. ఆలయ అధికారులు ఆ మొత్తాన్ని దేవస్థాన గ్రామాలలో చెరువులు తవ్వడానికి, కాలువలు తీయడానికి వినియోగించారు. నీరు వచ్చిన పొలాలలో పెరిగిన పంటనుండి ఆలయానికి చేరే ఆదాయంతో దాత కోరిన నైవేద్యం ఏటేటా జరిగేది. నివేదించిన ప్రసాదంలో నాలుగవ వంతు దాతకు చెందడం ఆనాటి ఆచారం. అనగా దాత ఇచ్చినది కైంకర్యానికి, నిలిచినది చెరువుగా, లాభపడినది రైతు, తిరిగివచ్చినది ప్రసాదంగా. ఈ ఏర్పాటును మించిన మూలధన నిధిని నేటి బ్యాంకులు కూడా చూపజాలవేమో!

చెరువు కట్టించడం ఒక ఎత్తు, దానిని నిలబెట్టడం మరొక ఎత్తు. కట్టించినవాని పేరు శాసనంలో ఉంటుంది. కాపాడినవాని పేరు ఎక్కడా ఉండదు. అందుకే మన పూర్వులు కాపాడేవారికి జీవనోపాధి కల్పించారు. దశబంధ ఇనాము అనేది అలాంటి ఏర్పాటు. చెరువును కట్టించి, ఏటేటా మరమ్మతు చేసే బాధ్యత వహించినవారికి దానికింది భూమిలోనో ఫలసాయంలోనో సుమారు పదవ వంతు దక్కేది. తెలంగాణలో నీరటి, రాయలసీమలో నీరుగంటి అని పిలిచే గ్రామ సేవకుడు తూము తెరవడం, మూయడం, ఏ మడికి ఎంత నీరో పంచడం, వానాకాలపు రాత్రులలో కట్టమీద కాపలా ఉండడం చేసేవాడు. అతనికి కళ్లంలో ధాన్యం కొలిచి ఇచ్చేవారు. వేసవిలో ఊరివారందరూ కలిసి పూడిక తీసేవారు. ఆంగ్లేయుల పాలనలో ఈ కట్టుబాటు సడలగా, మద్రాసు ప్రభుత్వం 1858లో ఒక చట్టం చేసి ఈ ఉమ్మడి శ్రమను నిర్బంధం చేయవలసి వచ్చింది. ఆచారంగా సాగినది చట్టంతో సాగవలసి వచ్చిందంటే అప్పటికే పరిస్థితి ఎంత మారిందో ఊహించవచ్చును.

తరువాతి కథ మన కళ్లముందరిదే. ఇనాములు పోయాయి, నీరటి కొలువు పోయింది, బోరుబావులు వచ్చాయి. బోరు ఉన్న రైతుకు చెరువుతో పనిలేదనిపించింది. ఆ బోరులోకి నీరు చేరేది చెరువునుండేనని బోరు ఎండిన తరువాతగాని తెలియలేదు. చెరువులోకి వాన నీటిని తెచ్చే వాగు కాలువలను దున్నేశారు. శిఖం భూములు అన్యాక్రాంతమయ్యాయి. మన చెరువులలో చాలావరకు గొలుసుకట్టు చెరువులు. పైచెరువు అలుగు పారితే ఆ నీరు కింది చెరువుకు, అక్కడినుండి దాని కిందిదానికి చేరుతుంది. నడుమ ఒక్క కాలువ మూసుకుపోతే దిగువనున్న ఊళ్లన్నీ నష్టపోతాయి. పైచెరువు తెగితే ఆ వరద ఒక్కసారిగా కింది కట్టలమీద పడుతుంది. కనుక చెరువును ఒంటరిగా బాగుచేయడమన్నది సగం పని మాత్రమే.

ఇంతకూ నేడు చెరువు ఎవరిది? 1992లో చేసిన 73వ రాజ్యాంగ సవరణ గ్రామ పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయాలను పదకొండవ షెడ్యూలులో చేర్చింది. చిన్ననీటి పారుదల, నీటి యాజమాన్యం, సామాజిక అడవులు, ఉమ్మడి ఆస్తుల నిర్వహణ అందులోనివే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వంద ఎకరాలలోపు ఆయకట్టు గల చెరువులు పంచాయతీరాజ్ విభాగం కింద, అంతకు మించినవి నీటిపారుదల శాఖ కింద ఉండేవి. 1997లో వచ్చిన రైతుల సాగునీటి యాజమాన్య చట్టం ఆయకట్టు రైతులే ఎన్నుకొనే నీటి వినియోగదారుల సంఘాలను ఏర్పరచింది. రాష్ట్రమంతటా పదివేలకు పైగా సంఘాలు ఏర్పడ్డాయి. ఉద్దేశం ఉదాత్తమైనది. అయితే ఎన్నికలు, నిధులు సక్రమంగా ఉన్నచోట సంఘాలు పనిచేశాయి, లేనిచోట కాగితానికే పరిమితమయ్యాయి. 2002 నాటి వాల్టా చట్టం బోర్ల తవ్వకాన్ని, చెట్ల నరికివేతను నియంత్రించి, జలవనరుల రక్షణకు అధికార వ్యవస్థను కల్పించింది. చెరువులు, కుంటలు సమాజానికి చెందిన ప్రకృతి వనరులనీ, వాటిని కాపాడవలసినదేననీ సుప్రీంకోర్టు 2001లో ఇచ్చిన ఒక తీర్పులో స్పష్టం చేసింది.

ఇటీవలి ప్రయత్నాలలో తెలంగాణ ప్రభుత్వం 2015 మార్చి 12న సదాశివనగర్ చెరువువద్ద ప్రారంభించిన మిషన్ కాకతీయ పెద్దది. రాష్ట్రంలోని 46 వేలకు పైగా చెరువులను విడతలవారీగా పునరుద్ధరించడం దాని సంకల్పం. పూడిక తవ్వే ఖర్చును ప్రభుత్వం భరించింది. తవ్విన మట్టిని రైతులు తమ ట్రాక్టర్లలో, తమ ఖర్చుతో పొలాలకు తరలించుకొన్నారు. ఈ ఒక్క ఏర్పాటులోనే ప్రభుత్వ యంత్రాంగానికి, గ్రామానికి మధ్య పని సహజంగా పంచబడింది. రైతు ఆ మట్టిని ఊరకే మోయలేదు. వానలు పైపొలాలనుండి కొట్టుకొచ్చిన సారమే చెరువులో ఒండ్రుగా పేరుకుంటుంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు చెరువు మట్టిని పరీక్షించి, అందులో నత్రజని, భాస్వరం, సేంద్రియ కర్బనం ఉన్నాయని చూపారు. ఎర్రనేలలో ఆ మట్టి కలిస్తే తేమ ఎక్కువ రోజులు నిలుస్తుంది. పొలంనుండి పోయినది పొలానికే తిరిగి చేరుతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో నీరు-చెట్టు పేరుతో పూడికతీత, చెక్‌డ్యాముల నిర్మాణం జరిగాయి. 2024 డిసెంబరులో అక్కడ నీటి సంఘాలకు మళ్లీ ఎన్నికలు నిర్వహించారు. దేశమంతటికీ వర్తించే అమృత్ సరోవర్ కార్యక్రమం 2022 ఏప్రిల్‌లో మొదలై, జిల్లాకు 75 చెరువుల చొప్పున తవ్వడమో బాగుచేయడమో లక్ష్యంగా పెట్టుకొంది. వీటన్నిటికంటే తక్కువ ఖర్చుతో జరిగిన ఒక ప్రయత్నం మాకు ఎక్కువగా నచ్చింది. 2000 తరువాతి దశాబ్దంలో ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరవు జిల్లాలలో రైతులే తమ బోర్లలో నీటిమట్టాన్ని కొలిచి, వాన కొలమానిని చదివి, ఆ అంకెలను అందరికీ కనబడేలా ఊరి గోడమీద రాశారు. రబీకి ముందు సభ చేరి భూమిలో ఎంత నీరు ఉన్నదో, ఏ పంట ఎంత నీరు తాగుతుందో లెక్కవేసుకొన్నారు. వరి తగ్గించుకోమని వారిని ఎవరూ ఆజ్ఞాపించలేదు. లెక్క ఎదురుగా ఉన్నప్పుడు చాలామంది వారంతట వారే తగ్గించుకొన్నారు. ఇంటి ఖర్చుకు పద్దు రాసుకొనే మనం ఊరి నీటికి పద్దు రాయకపోవడమే వింత.

లెక్క అన్నాము గనుక దాతలకు ఉపయోగపడే చిన్న గణితం ఒకటి. ఒక ఎకరం విస్తీర్ణంలో ఒక అడుగు లోతు పూడిక తీస్తే సుమారు 1,230 ఘనపు మీటర్ల మట్టి వస్తుంది. ట్రాక్టరు ట్రక్కుకు మూడు ఘనపు మీటర్లు వేసుకొంటే నాలుగు వందల ట్రక్కులు. ఆ ఖాళీలో 12 లక్షల లీటర్లకు పైగా నీరు నిలుస్తుంది. అదీ ఒక్కసారి నిండితే. సంవత్సరంలో రెండుసార్లు నిండితే రెట్టింపు. కోనేరు పావు ఎకరమే అయినా మూడడుగుల పూడిక తీస్తే తొమ్మిది లక్షల లీటర్లు. పది వేల లీటర్ల ట్యాంకరుతో అంత నీరు తేవాలంటే తొంభైసార్లు తిరగాలి. ట్యాంకరు నీరు ఉత్సవం ముగిసేలోపు ఇంకిపోతుంది. పూడిక తీసిన ఫలితం ఏళ్ల తరబడి ఉంటుంది.

తిరుమలలో శ్రీవారి పుష్కరిణిని ఏటా బ్రహ్మోత్సవాలకు ముందు సుమారు నెలరోజులు మూసివేసి, నీటిని తొలగించి, పూడిక తీసి, శుభ్రపరచి మళ్లీ నింపడం యాత్రికులు ఎరిగినదే. ఆ నెలలో వెళ్లినవారు పుణ్యస్నానం లభించలేదని కొంత నిరాశపడడమూ కద్దు. కొండమీద లక్షలాది భక్తులు తాగే నీరు గోగర్భం, పాపవినాశనం, ఆకాశగంగ, కుమారధార, పసుపుధార జలాశయాలనుండి వస్తుంది. అక్కడ జరిగే ఈ నిత్య పరిరక్షణ చిన్న ఆలయాల కోనేళ్లకు దక్కకపోవడానికి ధనలోపం ఒక్కటే కారణం కాదు. ఒకసారి బాగుచేయించి శిలాఫలకం వేయించే దాతలు దొరుకుతారు. ఏటా శుభ్రం చేసే మనిషికి జీతమిచ్చే దాత దొరకడు. దశబంధం ఎందుకు పుట్టిందో ఇక్కడ మళ్లీ గుర్తుకు వస్తుంది. కోనేటికి విరాళమిచ్చేవారు అందులో కొంత మొత్తాన్ని శాశ్వత నిధిగా ఉంచి, దానిపై వచ్చే వడ్డీ ఏటా వేసవి పూడికతీతకే వెచ్చించాలని పత్రంలో రాయిస్తే మంచిదని మా అభిప్రాయం.

సదుద్దేశంతో చేసే పనులలోనూ కొన్ని పొరపాట్లు దొర్లుతున్నాయి. కోనేటి అడుగున సిమెంటు పరచడం వాటిలో మొదటిది. శుభ్రంగా కనిపిస్తుంది, నిజమే. కాని ఊటలు మూసుకుపోతాయి, భూమిలోకి నీరు ఇంకదు, ఆ కోనేరు ఇక ఎప్పటికీ ట్యాంకరు మీదనే ఆధారపడుతుంది. మెట్లకు, గట్లకు సున్నపు రాతిపని చేయించి, అడుగు మట్టిగానే ఉంచడం మేలు. చెరువు విషయంలో కట్టమీద దీపాలు, బెంచీలు, నడకదారి ఏర్పరచి, నీరు తెచ్చే కాలువను మరచిపోవడం రెండవ పొరపాటు. నీరు రాని చెరువుకు అందమెందుకు? పూడిక తీసేటప్పుడు కట్ట పాదానికి ఆనుకొని తవ్వితే కట్ట బలహీనపడుతుంది. ఒండ్రు కింద ఉన్న బంకపొరను దాటి ఇసుకపొర దాకా తవ్వితే నీరు నిలవదు. అందుచేత ఇంజనీరు గుర్తుపెట్టిన మేరకే తవ్వించాలి. ఇటుక బట్టీలవారికి మట్టి ఇచ్చేవేళ ఈ మేర దాటడం తరచుగా జరుగుతున్నది. గ్రామస్థులు కనిపెట్టి ఉండాలి.

యాత్రికులుగా మనవల్ల జరిగే కీడు గురించి కూడా చెప్పక తప్పదు. స్నానఘట్టాల వద్ద విడిచే బట్టలు, షాంపూ పొట్లాలు, పూజాద్రవ్యాల ప్లాస్టిక్ సంచులు నేరుగా నీటిలోకి చేరుతున్నాయి. నిర్మాల్యం వేయడానికి ఆలయాలు ఏర్పరచిన కుండీలు వేరుగా ఉన్నాయి. ఆ పూలు ఎరువవుతాయి. విగ్రహ నిమజ్జనంపై కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2010లో ఇచ్చి, 2020లో సవరించిన మార్గదర్శకాలు మట్టి విగ్రహాలను, సహజ రంగులను, ప్రత్యేక నిమజ్జన కుంటలను సూచిస్తున్నాయి. వినాయకుడు మొదటినుండి మట్టివాడే గనుక భక్తులకు ఇందులో కొత్తగా నేర్చుకోవలసినదేమీ లేదు. బతుకమ్మలను గంగలో కలిపే చెరువుకు, కట్టమైసమ్మ కొలువున్న కట్టకు తెలుగు పల్లెలో ఉన్న మర్యాద ఎప్పటినుండో ఉన్నదే.

తమ ఊరి కోనేటిని గాని చెరువును గాని బాగుచేయింపదలచిన దాతలు ముందుగా అది ఎవరి అధీనంలో ఉన్నదో రెవెన్యూ రికార్డులలో చూడాలి. దేవాదాయ శాఖ పరిధిలోని ఆలయపు కోనేరైతే కార్యనిర్వహణాధికారి ద్వారా శాఖ అనుమతి పొందాలి. చెరువైతే గ్రామసభలో తీర్మానం చేయించి, నీటిపారుదల శాఖ ఇంజనీరుచేత తవ్వవలసిన లోతును, చెరువు నిండు మట్టాన్ని గుర్తింపజేయాలి. నిండు మట్టానికి రాళ్లు పాతించడానికి అయ్యే ఖర్చు స్వల్పం. ఆక్రమణలను ఆపడంలో దానికున్న బలం మాత్రం అధికం. మట్టిని ఏ రైతులు తీసుకొంటారో ముందే పేర్లు రాసుకోవాలి, లేనియెడల అది కట్టమీదనే గుట్టగా మిగిలి మొదటి వానకే తిరిగి చెరువులోకి జారుతుంది. అనుమతులకు రెండు మూడు నెలలు పట్టడం మామూలే కనుక సంక్రాంతి తరువాత ఆలస్యం చేయకుండా కదలడం మంచిది. ఉగాది నాటికి నీరు అడుగంటుతుంది. పని రోహిణి కార్తెలో ముగియాలి; మృగశిర ప్రవేశించి నాలుగు చినుకులు పడితే ఆ బంకలోకి ట్రాక్టరు దిగదు, పని మళ్లీ వచ్చే సంవత్సరానికే.